తోక వంకర సైకిలు

హైబ్రిడ్ అనే మాట మా ఇంటికి మొదట కూరగాయల సంచిలో వచ్చింది. టమాటాలు కొనేటప్పుడు "ఇవి హైబ్రిడ్డా, నాటువా?" అని అడిగి, నాటువైతేనే తూకం వేయించే మనిషి మా ఆవిడ. హైబ్రిడ్డులో పులుపు ఉండదనీ, పచ్చడికి పనికిరాదనీ ఆవిడ సిద్ధాంతం. అటువంటి ఇంటికి 2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, మేము ఒక హైబ్రిడ్ సైకిలు తెచ్చాము. కొత్తది కాదు. ఎవరో కొని, కొన్నాళ్లు తొక్కి, వద్దనుకొని వదిలి వెళ్లిన బండి. రెండు టైర్లూ గాలి లేక చితికిపోయి, గొలుసు ఎర్రగా తుప్పుపట్టి బిగుసుకుపోయి, సీటు మీద పావురాల ఆనవాళ్లతో అది మా వాకిట నిలబడింది. ఆవిడ దాన్ని ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనుకనుంచి చూసి, "కూరగాయల్లోనే వద్దంటూంటే వాహనాల్లోకి కూడా దించారా?" అన్నది.

హైబ్రిడ్ సైకిలంటే ఏమిటో మన పెద్దవాళ్లకు చెప్పడం అంత సులువు కాదు. మా నాన్నగారి తరానికి సైకిలంటే ఒకటే జాతి. నల్లని ఇనుప బండి, పెద్ద చక్రాలు, వెనుక కారియరు, గొలుసు మీద రేకు తొడుగు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన దాదాపు సమానమైన రెండు చక్రాలు వేసి, వెనుక చక్రానికి గొలుసు తగిలించి 'రోవర్' అనే బండి చేశాడు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యం చేసుకొనే డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ రెండూ కలిసి పుట్టిన బిడ్డకూ మా నాన్నగారి బండికీ ముఖపోలిక చెదరలేదు. జాతులు వేరుపడింది తరువాత. పందెపు బండ్లు సన్నటి టైర్లతో, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలుతో ఒక దారి పట్టాయి. 1970ల చివర అమెరికాలో కాలిఫోర్నియా కొండల మీద కుర్రవాళ్లు లావు టైర్ల బండ్లతో దుమ్ము రేపి కొండ సైకిలును పుట్టించారు. ఆ మీదట ఆ జాతినుంచి పెద్ద చక్రాన్నీ, ఈ జాతినుంచి తిన్నని హ్యాండిలునూ తీసుకొని, నడుము వంచకుండా కూర్చోవడానికి వీలుగా చేసినది హైబ్రిడ్. ఆఫీసుకూ, కాలేజీకీ, అంగడికీ పోయేవారి బండి అన్నమాట. చూడబోతే మా నాన్నగారి బండికి మనుమరాలే గాని పరాయిది కాదు.

ఇది మాకు దొరికిన వైనం చెప్పాలి. మా చిన్నాన్నగారి అబ్బాయి హెబ్బాళ దాటిన తరువాత ఒక పెద్ద అపార్టుమెంటులో కాపురముంటున్నాడు. దాని అడుగు అంతస్తులో, కార్లు నిలిపే చోట, గోడ పొడుగునా సైకిళ్లు. 2020లో కోవిడ్ వచ్చి అంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు ఈ ఊళ్లో సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడే అవుటర్ రింగు రోడ్డు మీద సైకిళ్లకని విడిగా దారి కూడా గీశారు. తరువాత ఆఫీసులు తెరిచారు. కార్లు మళ్లీ కదిలాయి. సైకిళ్లు గోడకు చేరాయి. అద్దెకున్నవారు ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్జును మరచిపోరు గాని సైకిలును మరచిపోతారు. అక్కడి సంఘంవారు రెండు నెలలు నోటీసు అంటించి చూసి, ఎవరూ రాని పదకొండు బండ్లను గుజరీవానికి తూకానికి ఇచ్చేయబోతూంటే, మా తమ్ముడు ఫోను చేశాడు. మేము వెళ్లి అందులో ఒకదాన్ని 600 రూపాయలకు రసీదు రాయించుకొని తీసుకున్నాము. ఇంటికి చేర్చడానికి సామాను ఆటోవాడు 700 పుచ్చుకున్నాడు. బండికన్నా బండి ప్రయాణం ఖరీదైన సంగతి ఇంట్లో వారం దాకా చెప్పలేదు.

పదకొండింటిలో దాన్నే ఏరుకోవడానికి కారణం ఉంది. మా జేబులో అయస్కాంతం ముక్క ఒకటి ఉంచుకొని వెళ్లాము. అది ముందు ఫోర్కుకు అంటుకున్నది గాని ఫ్రేముకు అంటుకోలేదు. అంటే ఫ్రేము అల్యూమినియం. ఎన్ని వానలు కురిసినా తుప్పు పట్టదు. కాని అల్యూమినియానికి వేరే గుణం ఒకటున్నది: ఇనుములాగా వంగి, మూలిగి, హెచ్చరించి విరగదు. చెప్పకుండా విరుగుతుంది. అందుచేత గొట్టాలు కలిసే అతుకుల దగ్గర రంగు మీద వెంట్రుకవాసి గీత కనబడినా ఆ బండి జోలికి పోకూడదు. ఫోను దీపం పట్టుకొని ప్రతి అతుకూ తుడిచి తుడిచి చూశాము. తక్కినవి ఏవి చెడినా మార్చుకోవచ్చు. ఫ్రేము చెడితే ఆ బండికి కర్మకాండే.

ఇక మరమ్మతు విద్య మాకెక్కడిదని అడుగుతారేమో. మా తాతగారు ముళబాగిలు దగ్గరి పల్లెనుంచి ఈ ఊరు వచ్చారు. మా నాన్నగారు బిన్నీ మిల్లులో పనిచేశారు. మిల్లు వదిలే వేళకు ఆ వీధి నిండా సైకిళ్లే, మనుషులు కనిపించేవారు కారు. ఆయన ఆదివారం తలంటి పోసుకొనేముందు బండికి తలంటేవారు. ఒక రేకు పెట్టె. అందులో ఎముక ఆకారంలో, రెండు తలల నిండా రంధ్రాలున్న పానా ఒకటి, చప్పిడి పానాలు మూడు, కొబ్బరినూనె సీసాలో పోసిన మిషను నూనె. "విప్పిన నట్టును నేలమీద పెట్టకు, చిప్పలో వెయ్యి. విప్పిన వరసలోనే బిగించు" అనేవారు. ఎడమ పెడలు మర ఎడమ చేతి వాటంగా ఉంటుందనీ, అందరు నట్లూ విప్పే వైపుకు అది బిగుస్తుందనీ మాకు ఎనిమిదో ఏటే తెలుసు. తొక్కేటప్పుడు దానంతట అది ఊడిరాకుండా చేసిన ఏర్పాటు అది. మేము ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివి గుమాస్తా పనిలో చేరిన తరువాత నేర్చుకున్న విద్యలు వేరు. అయినా అవీ పనికొచ్చాయి. విప్పిన ప్రతి నట్టునూ, వాషరునూ పాత ఆఫీసు కవర్లలో వేసి, పైన 'వెనుక చక్రము - కుడి' అని, 'బ్రేకు - ముందు' అని రాసి, వరస నంబరు వేశాము. ఇరవై మూడు కవర్లయ్యాయి. మా అమ్మాయి చూసి, "నాన్నా, దీనికి టపా నంబరు కూడా వేయండి" అని నవ్వింది.

ఆదివారాలు, రెండో శనివారాలు మాత్రమే మా చేతిలో ఉండేవి. ఉన్న పానాలు చాలలేదు. కొత్త బండ్లకు తలలో ఆరుకోణాల గుంట ఉండే బోల్టులు. వాటికి అల్లెన్ కీలు కావాలి. చిక్కపేట పక్కన ఆదివారం ఉదయం వీధుల్లో పరిచే సంతకు వెళ్లాము. చోర్ బజారని దానికి అపకీర్తి పేరు. అక్కడ నాలుగు, ఐదు, ఆరు మిల్లీమీటర్ల కీలు, ఫ్రీవీలు విప్పే గూటం ఒకటి బేరమాడి తెచ్చాము.

మొదట మొరాయించింది సీటు గొట్టం. ఇనుప గొట్టం అల్యూమినియం ఫ్రేములో ఏళ్ల తరబడి తడిసి కూర్చుంటే, ఆ రెండు లోహాల మధ్య ఒక తెల్లని పొర పెరిగి సిమెంటులా పట్టేస్తుంది. దాన్ని సుత్తితో కొట్టకూడదు. తుప్పు వదలగొట్టే నూనె సందులో చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా ఊరనిచ్చి, పొద్దున సీటును రెండు చేతులా పట్టుకొని మెలితిప్పడమే. నాలుగు రాత్రులు పట్టింది. ఐదోనాడు ఆఫీసుకు పోయేముందు 'కిర్రు' మన్నది. ఆ శబ్దం విని మేము పొందిన సంతోషం, ఇంక్రిమెంటు మంజూరైన రోజున కూడా పొందలేదు.

తుప్పు పట్టిన బోల్టులను చింతపండు పులుసులో నానవేశాము. ఇత్తడి బిందెలు తోమినట్టే. చింతపండు పులుపు తుప్పును కరిగిస్తుంది. ఆ చింతపండు మాత్రం నాటుదేనని ఆవిడ గుర్తు చేసింది. మిలమిలలాడవలసిన సీటు గొట్టాన్ని వంటింటి అల్యూమినియం కాగితం నీటిలో తడిపి రుద్దితే సగం మెరుపు తిరిగి వచ్చింది. హబ్బులు విప్పి బాల్సు లెక్కపెట్టాము. ముందు చక్రంలో పక్కకు పది చొప్పున ఇరవై, వెనుక చక్రంలో పక్కకు తొమ్మిది చొప్పున పద్దెనిమిది ఉండాలి. ముందు ఒకటి తక్కువ. ఎప్పుడో ఎవరో మెకానిక్కు చేతిలోంచి జారి మోరీలో పడి ఉంటుంది. ఉన్నవి తుడిచి పెట్టడం కన్నా మొత్తం కొత్తవి వేయడం మేలు. ఆ బాల్సు ఖరీదు రెండు కాఫీల ఖరీదు.

గొలుసుకు ఆఫీసు ఇనుప స్కేలు పెట్టి చూశాము. సైకిలు గొలుసులో ఒక కీలునుంచి ఇంకొక కీలుకు సరిగ్గా అర అంగుళం. కాబట్టి ఇరవైనాలుగు కీళ్ల మేర పన్నెండు అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే పళ్ల చక్రాలను కూడా అరగదీసి కూర్చుంటుంది, అప్పుడు అవీ మార్చాలి. మాది పదహారో వంతు దగ్గర ఆగింది. పెడలు ఇరుసు కూర్చునే గూడు ఆడడం లేదు, అరవడం లేదు గనుక దాని జోలికి పోలేదు. ఆ గూటి మరకు ఈనాటికీ బి.ఎస్.ఎ. మర అనే పేరు. ఆ మూడక్షరాలు బర్మింగ్‌హాములో తుపాకులు చేసిన కంపెనీవి.

ఇంతవరకూ వచ్చినా అసలు ప్రశ్న అలాగే ఉన్నది. ఈ బండిని ఎందుకు వదిలేశారు? రిమ్ములు బాగున్నాయి, బ్రేకులు అరగలేదు. నిండా రెండు వేల కిలోమీటర్లు కూడా నడిచినట్టు లేదు. జవాబు చెప్పినవాడు మా వీధి మూల సాయబు.

ఈయన గానుగ చెట్టు కింద నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నారు. మా చిన్నతనంలో ఈయన దగ్గర పద్నాలుగు బాడుగ సైకిళ్లుండేవి, గంటకు రూపాయి. కాలు అందనివాళ్లం బారు కింద కాలు దూర్చి తొక్కేవాళ్లం. ఇప్పుడు ఆ పద్నాలుగులో ఒక్కటీ లేదు. స్కూటర్ల పంక్చర్లు వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. కొడుకు బ్యాటరీ స్కూటరు మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేస్తాడు. తెలుగు, కన్నడం, దక్కనీ మూడూ కలిపి మాట్లాడే సాయబు భాషను మేము యథాతథంగా రాయలేము. బండిని తీసుకుపోయి, "భాయ్, అన్నీ సరిగానే ఉన్నాయి, గేర్లు మాత్రం నిలవడం లేదు" అన్నాము. "ఈ గేరు విద్య మన బడిలో చెప్పలేదు సార్" అంటూనే వెనుక చక్రం వెనకాల గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూశారు. కాసేపటికి, "దీని తోక వంకర పోయింది" అన్నారు.

కొంచెం ఓపిక పడితే ఇక్కడ ఒక సంగతి చెబుతాము. ఈ రాతకంతా అదే ప్రాణం. వెనుక చక్రానికి ఏడు పళ్ల చక్రాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. గొలుసును ఒకదాని మీదనుంచి ఇంకొక దాని మీదకు నెట్టేది డిరైలరు అనే పరికరం. కిందకు వేలాడే రెండు బుల్లి చక్రాల జత. మీట ఒక్కసారి 'టిక్కు'మంటే అది ఒక్క పన్ను చక్రం వెడల్పు జరగాలి, అంతకు తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఈ పరికరం ఫ్రేముకు తిన్నగా తగిలి ఉండదు. మధ్యలో చిన్న కొక్కెం ఒకటుంటుంది, హ్యాంగరు అంటారు. మన బొటనవేలంత ముక్క. దాన్ని కావాలనే మెత్తని లోహంతో చేస్తారు. బండి కుడి పక్కకు పడితే దెబ్బ తాను తిని, తాను వంగి, ఫ్రేమును కాపాడాలని. ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు కాలిపోతుంది చూడండి, అలాగన్నమాట. వంగడమే దాని ఉద్యోగం. విప్పి కొత్తది బిగించుకోవడానికి వీలుగా ఒక చిన్న బోల్టుతో పెట్టి ఉంచుతారు.

ఆ కొక్కెం రవ్వంత లోపలికి వంగింది. ఏడు పళ్ల చక్రాలు నిలువుగా నిలబడి ఉంటే బుల్లి చక్రాలు రెండూ ఓరగా వాలి ఉన్నాయి. అలా ఉన్నంతకాలం తీగను ఎంత బిగించినా, ఎంత వదిలినా, ఒక గేరు సరిపోతే ఇంకొకటి జారుతుంది. డిరైలరు తీగ కొస విప్పి చూస్తే అయిదారు చోట్ల నొక్కుకుపోయిన గాట్లు. అంటే ఎవరో పాపం చాలాసార్లు బిగించి, వదిలి, మళ్లీ బిగించి చూశారు. హబ్బు దగ్గర మూడు స్పోకుల మీద గీతలు కూడా ఉన్నాయి. కింది గేరులో డిరైలరు చక్రంలోకి దూరి ఆ స్పోకులను తాకింది. అది మరి కాస్త దూరి ఉంటే చక్రం ఉన్నపాటున ఆగిపోయి మనిషి రోడ్డు మీద పడేవాడే. భయపడి గోడకు చేర్చారు కాబోలు. తమను కాపాడడానికి వంగిన ముక్కే తమను ఏడిపిస్తున్నదని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క విప్పి చేతిలో పట్టుకొని మూడు అంగళ్లు తిరిగాము, ఎందుకంటే ఒక్కొక్క ఫ్రేముకు ఒక్కొక్క ఆకారం. మూడో అంగడిలో అట్టకు కుట్టిన కొక్కేల వరసలో దాని కవల దొరికింది. 320 రూపాయలు.

వేలు పోసి కొన్న బండి మూడువందల ఇరవై రూపాయల ముక్క కోసం గుజరీకి పోబోయింది. పోయిన పది బండ్లలో ఎన్నిటికి తోక వంకరో, ఎన్నిటికి ఒట్టి పంక్చరో మేము చూడలేదు. చూడవలసినవాళ్లు లేకనే అవి పోయాయి. ఇంతటి ఊళ్లో, సాయబు లాంటి ఒక కన్ను మూసి చూసేవారి కింద పని నేర్చుకొనే కుర్రవాడు మాకు ఒక్కడూ కనబడలేదు. దీనికి ఆయన్ను తప్పుపట్టలేము. కొడుకును అసలే తప్పుపట్టలేము. చెట్టు కింద కూర్చుంటే రోజుకు ఎంత వస్తుందో ఆ పిల్లవాడికి మనకన్నా బాగా తెలుసు.

టైర్ల సంగతి వేరే తమాషా. సాయబు దగ్గర పాత బండ్లకు వేసే టైరు ఒకటి వేలాడుతున్నది. దాని మీద 28 అంగుళాలని ఉంది. మా బండి టైరు మీదా 28 అనే ఉంది. ఇంకేం, సరిపోయిందని మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. సాయబు అడ్డంగా తల ఊపారు. అప్పుడు టైరు పక్కన సన్న అక్షరాల్లో ఉన్న ఇంకొక అంకె చదివాము. సాయబు దానిమీద 40-635, మాదానిమీద 35-622. మొదటి అంకె టైరు లావు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండూ తమను 28 అనే చెప్పుకుంటాయి గాని వాటి మధ్య పదమూడు మిల్లీమీటర్ల తేడా. పాత టైరును ఈ రిమ్ముకు తొడిగితే వదులై జారిపోతుంది. పేరు ఒకటైనంత మాత్రాన వరుస కలవదు. ఎవరైనా టైరు కొనబోతే అంగుళాలు అడగక ఆ రెండో అంకెనే అడగమని మా సలహా.

సాయబు చేసిన ముఖ్యమైన పని చక్రాల బెండు తీయడం. వెనుక చక్రానికి ముప్పైయారు స్పోకులు. బండిని తలకిందులుగా నిలిపి, చక్రం తిప్పుతూ, గోటితో ఒక్కొక్క స్పోకునూ మీటుతూ పోయారు. వదులైనది బొంగురుగా పలుకుతుంది. మా అమ్మాయిని పిలిచి, చేయి పట్టుకొని మీటించారు. కుడివైపు స్పోకులు పై శ్రుతిలో, ఎడమవైపువి కింది శ్రుతిలో పలకాలి. ఫ్రీవీలు కుడివైపు చోటు ఆక్రమించడం చేత అటువైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుగా ఉండాలి. ఒక పక్కవన్నీ మాత్రం ఒకే శ్రుతి. తంబూరా శ్రుతి చేసినట్టు గంటసేపు కూర్చున్నారు. 400 రూపాయలిస్తే ఎక్కువని వంద తిరిగి ఇవ్వబోయారు. మేము పుచ్చుకోలేదు.

బ్రేకు కట్టెలు బిగించేటప్పుడు వెనుక అంచు కింద పాత పెండ్లి శుభలేఖ ముక్క ఒకటి మడిచి పెట్టి, బిగించాక లాగేశాము. అలా చేస్తే ముందు అంచు ముందుగా తగిలి, బ్రేకు కీచుమని అరవదు. గేర్లు కుదిరిన రోజున మూడు ముందు, ఏడు వెనుక, ఇరవైయొకటీ మార్చి చూశాము. ముందు 28 పళ్లూ వెనుక 28 పళ్లూ పెట్టి తొక్కితే పెడలు ఒక చుట్టుకు బండి రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. ముందు 48, వెనుక 14 పెడితే ఏడు మీటర్ల పైన. మా నాన్నగారి బండిలో ఎత్తైనా పల్లమైనా ఒకటే లెక్క: 44కు 18, చుట్టుకు ఐదున్నర మీటర్లు. మల్లేశ్వరం ఎత్తులన్నీ ఆయన ఆ ఐదున్నర మీటర్లతోనే ఎక్కారు.

లెక్క చెప్పకపోతే గుమాస్తా కాడు. బండి, ఆటో, విడిభాగాలు, పనిముట్లు, సాయబు కూలి అన్నీ కలిపి 5,970. తలకు హెల్మెట్టు, ముందూ వెనుకా దీపాలు 1,550. వెరసి 7,520 రూపాయలు. మా శ్రమకు కూలి కట్టలేదు. కడితే కొత్త బండి కొనుక్కోవడమే చవక అని తేలుతుంది.

కాని అసలు తగాదా డబ్బుతో రాలేదు. ఏప్రిల్లో మా అమ్మాయి ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు ముగించి, "నాన్నా, జూనునుంచి కాలేజీకి దీనిమీదే పోతాను" అన్నది. మా ఆవిడ చేతిలో గరిట ఆగింది. "2023నుంచి ఆడపిల్లలకు బస్సు ఉచితం. శక్తి పథకం ఉండగా ఈ శక్తి పరీక్ష ఎందుకు?" అన్నది పైకి. ఆవిడ మనసులోది అది కాదని మాకు తెలుసు. 2009లో ఆవిడ తమ్ముడు సైకిలు మీద పనికి పోతూంటే దొడ్డబళ్లాపురం రోడ్డున లారీ ఒకటి తగిలించి పోయింది. తొడ ఎముకకు కడ్డీ వేశారు. ప్రాణానికి భయం లేదు గాని ఆ కాలు ఈనాటికీ ఈడుస్తాడు. మూడు నెలలు ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చున్నది ఈవిడే. అటువంటి మనిషికి డిరైలరు సంగతి చెప్పి ఏం ప్రయోజనం? ఈ ఊరి రోడ్ల మీద సైకిలు తొక్కడం క్షేమమేనని మేము ఆవిడతో వాదించలేదు. ఆ మాట నిజమని మేమూ అనుకోవడం లేదు.

ఆదివారాలు కబ్బన్ పార్కులో మోటారు బండ్లను రానివ్వరు. నాలుగు ఆదివారాలు పొద్దున ఆరు గంటలకు అక్కడికి తీసుకుపోయి తొక్కించాము. ఒంటి చేత్తో తొక్కుతూ చెయ్యి చూపడం, తల తిప్పి వెనక్కి చూసినా బండి వంకర పోకుండా నడపడం, ముందు బ్రేకును వెనుక బ్రేకుతో కలిపి పట్టడం, ఇవే పాఠాలు.

మే నెలలో మా బావమరిది చూడవచ్చాడు. కాఫీ తాగి, వాకిట్లోకి వెళ్లి, బండి మీద కూర్చున్నాడు. బాగున్న కాలు నేల మీద ఆనించి, రెండు బ్రేకులూ పట్టి వదిలి, పట్టి వదిలి, చాలాసేపు అలాగే ఉన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. "బావా, ఎడమ బ్రేకు ఇంకాస్త ముందే పట్టుకోవాలి. పిల్ల వేళ్లు చిన్నవి" అన్నాడు. పానా తీసుకొని తానే బిగించాడు. అక్కయ్యతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. భోజనం చేసి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తరువాత ఆవిడ పొద్దున్నే చెప్పులు వేసుకొని, "పదవే, నీ కాలేజీ దారి చూపించు" అని పిల్లను లేపింది. గాయత్రీనగర్‌నుంచి మల్లేశ్వరం దాకా ఇద్దరూ నడిచి వెళ్లి, ఎనిమిదిన్నరకు ఎండలో తిరిగి వచ్చారు. మరునాడు మళ్లీ వెళ్లారు, ఇంకొక దారిన. మూడోనాడు ఆవిడ మా కవర్లలో ఒకదాని వెనుక పెన్సిలుతో దారి గీసి గోడకు అంటించింది. మెయిన్లన్నీ వదిలేసి క్రాసులు పట్టుకొని పోయే దారి. మామూలు దారికన్నా అరకిలోమీటరు పైన ఎక్కువ. ఏ మలుపులో ఇసుక ఉంటుందో, ఏ ఇంటి ముందు కారు వెనక్కి వస్తుందో, ఏ వీధిలో కుక్క వెంటపడుతుందో అన్నీ రాసి ఉన్నాయి. ఒక్క పెద్ద రోడ్డు దాటక తప్పదు. అక్కడ గుండ్రంగా సున్న చుట్టి, 'దిగి నడిపించుకొని దాటవలెను' అని రాసింది. జూనునుంచి రెండు నెలలయింది. అమ్మాయి అక్కడ దిగే దాటుతున్నది.